చౌక డిజిటల్ కెమేరా – దాని మెమరీకార్డు

గత సంవత్సరము మా పాఠశాల విద్యార్థులు సిద్దిపేటలో గొల్లభామ చీరలు నేయు నొక వృద్ధుని యింటికి బోయి, ఆయన మగ్గముపై బొమ్మను పోగు పోగుగా నెక్కించు విధమును సుమారు రెండువందల ఛాయాచిత్రములు తీసిరి. తిరిగివచ్చి కంప్యూటరులో చూడగా మొదటి నలుబది మాత్రమే తెరచుకొనెను. తక్కినవాని పేరులు గలవు, బొమ్మలు లేవు. చౌకగా దొరకినదని మేము కొనిన కార్డు నకిలీది. మరల పోవుదమనుకొనుచుండగనే ఆ వృద్ధుడు కాలధర్మము నొందెను. అందువలన ఈ యేడు మరియొక కెమేరా కొనుటకు ముందు మేము విచారించి తెలిసికొనిన సంగతులను చదువరులకు విన్నవించుచున్నాము.

నకిలీ కార్డు మోస మిట్టిది. లోపల నుండునది కొద్దిపాటి చోటు. 64 జీబీ యని కంప్యూటరునకు బొంకునట్లు దానిని సవరింతురు. నిజమైన చోటు నిండువఱకు అంతయు సవ్యముగానే నడచును. మా కార్డులో వార్షికోత్సవపు వీడియోలు అదివఱకే యుండుటచే ఆ మేర త్వరలో దాటిపోయెను. కావున కొన్ననాడే కార్డును పూర్తిగా నింపి, నింపినదానినెల్ల తిరిగి తెరచి చూడవలెను. ఇందులకు హెచ్2టెస్ట్‌డబ్ల్యు అను ఉచిత ప్రోగ్రామును గలదు.

కార్డులలో జాతులు పెక్కు. 1994లో కాంపాక్ట్‌ఫ్లాష్, 1995లో స్మార్ట్‌మీడియా, 1998లో సోనీవారి మెమరీస్టిక్, 1999లో ఎస్.డి., 2002లో ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ సంస్థల ఎక్స్.డి. బయలుదేరినవి. ఒక జాతి కార్డు వేరొక జాతి కెమేరాలో దూరదు. తుదకు సోనీవారును 2010 నుండి తమ కెమేరాలలో ఎస్.డి.కి చోటిచ్చిరి. పాత కెమేరా చౌకగా వచ్చినను, దాని కార్డు బజారున దొరకనిచో ఆ బేరము బేరము కాదు. మా మతమున ఎస్.డి. తప్ప వేరొకటి కొనరాదు.

అందులోను ఒక చిక్కు గలదు. ఎస్.డి. 2 జీబీ వఱకు, 2006లో వచ్చిన ఎస్.డి.హెచ్.సి. 32 జీబీ వఱకు, 2009 నాటి ఎస్.డి.ఎక్స్.సి. అంతకు మించియు పట్టును. మూడును 32 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు గలవే, చూపునకు భేదము తెలియదు. క్రొత్త కెమేరా పాత కార్డును చదువును గాని పాత కెమేరా క్రొత్త కార్డును చదువదు.

ఇక కెమేరా మాట. అంగడివాడు మొదట మెగాపిక్సెళ్లు చెప్పును. ఎనిమిది అంగుళముల వెడల్పు, పది అంగుళముల పొడవు గల బొమ్మను అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చువేయుటకు 72 లక్షల చుక్కలు, అనగా ఎనిమిదికి లోపు మెగాపిక్సెళ్లు చాలును. మన సంచిక పుట కది ఎక్కువయే. అడుగవలసినది సెన్సారు కొలత. చౌక కెమేరాలలో అది తఱచు 6.2 మి.మీ., 4.6 మి.మీ. మాత్రమే, ఏ.పి.ఎస్.-సి. అను తరగతిది వైశాల్యమున దానికి పదిరెట్లకు పైబడియుండును. నేతయింటి మసక వెలుతురులో ఈ భేదము బయటపడును. కొనునపుడు ఫ్లాషు లేక, దుకాణములోని చీకటి మూలను ఒక బొమ్మ తీసి చూచుట మేలు.

ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన లాలా దీనదయాళు (1844–1905) గాజుపలకలపై బొమ్మలు తీసెను. అట్టి పలకను వెలుతురున కెత్తిన బొమ్మ కంటికి గనబడును. కార్డు నెంతసేపు త్రిప్పి చూచినను నల్లని బిళ్లయే! అందుచే తీసిననాడే రెండు వేర్వేరు చోట్ల ప్రతులుంచుట మే మిపుడు నియమముగా బెట్టుకొంటిమి.

మేము కొనినది వాడిన కెమేరా, 32 జీబీ కార్డు. కార్డును నింపి పరీక్షించుటకు ఒక సాయంకాలము పట్టెను. మిగిలిన నలుబది చిత్రములను అచ్చువేయించి ఆ వృద్ధుని యింట నిచ్చితిమి. ఆయన కోడలు అదే మగ్గమున నేయుచున్నది. సంక్రాంతి సెలవుల పిదప రమ్మన్నది.