తలలో రక్తస్రావం: ఎవరికి ఆపరేషన్? ఎవరికి అబ్జర్వేషన్?

బైక్ మీద నుంచి పడ్డ మనిషి లేచి ‘నాకేం కాలేదు’ అన్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. లోపల రక్తం ఎక్కడ, ఎంత చేరిందో సీటీ స్కాన్‌లోనే తెలుస్తుంది.

ఎపిడ్యూరల్: పుర్రెకు, మెదడు పైపొరకు మధ్య చేరేది. కొన్ని గంటలు బాగానే ఉండి ఒక్కసారిగా స్పృహ తప్పవచ్చు. 30 మిల్లీలీటర్లు దాటితే సాధారణంగా ఆపరేషనే. సకాలంలో చేస్తే చాలామంది కోలుకుంటారు.

సబ్‌డ్యూరల్: ఆ పొర కింద చేరేది. తరచూ మెదడూ దెబ్బతింటుంది కాబట్టి ముప్పు ఎక్కువ. గడ్డ మందం 10 మిల్లీమీటర్లు దాటినా, మెదడు 5 మిల్లీమీటర్లకు మించి పక్కకు జరిగినా ఆపరేషన్ సూచిస్తారు.

పెద్దవాళ్లలో చిన్న దెబ్బకే వారాల తర్వాత తడబాటు, మతిమరుపు కనిపించొచ్చు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి పాత రక్తం తీస్తే చాలామంది తేరుకుంటారు.

రక్తస్రావం స్వల్పంగా ఉంటే ఆసుపత్రిలో ఉంచి, మళ్లీ స్కాన్ తీసి గమనిస్తారు.

మీరేం చేయాలి? వాంతులు, మత్తు, ఫిట్స్, పెరిగే తలనొప్పి ఉంటే వెంటనే 108కు ఫోన్ చేయండి. రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే డాక్టర్‌కు ముందే చెప్పండి. రోడ్డు ప్రమాదమైతే 2025 మేలో అమల్లోకి వచ్చిన కేంద్ర పథకం కింద, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స ఉంది. డబ్బు కోసం ఆగకండి.