ఓక్లహామా రాష్ట్రమునందలి అంకెల రహదారులు

నేడు నేను మీతో ముచ్చటింపనున్న విషయము అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒకటియగు ఓక్లహామాలోని రహదారులు. ఇంత దూరదేశపు రోడ్లతో మనకేమి పని యని కొందరనుకొనవచ్చును. ఆ దేశమునకు పోయిన మన తెలుగు బిడ్డలు తాము ఫలానా నంబరు రోడ్డు దగ్గర కాపురమున్నామని చెప్పుట నేడు పెక్కు ఇండ్లలో వినబడుచున్నది. అంతకన్న ముఖ్యమగు కారణము వేరొకటి కలదు. రోడ్డునకు నంబరు పెట్టుట చిన్నపనివలె కనబడును. కాని ఆ నంబరు ఎవరు పెట్టవలెను, ఆ రోడ్డు ఎవరిది, అది ఏ యూరిమీదుగా పోవలెను అను మూడు ప్రశ్నలలో ఊళ్ల బాగోగులు ఇమిడియున్నవి. ఆ మూడింటికిని ఓక్లహామా చరిత్రలో స్పష్టమైన జవాబులు దొరకును. అందుచేత ఆ రాష్ట్రమునే యెన్నుకొంటిని.

అమెరికా పటమును చూచినచో దేశమునకు నడుమ, కొంచెము దక్షిణముగా, కాడగల పెనమువంటి రాష్ట్రమొకటి కనబడును. అదియే ఓక్లహామా. దానికి ఉత్తరమున కాన్సాసు, దక్షిణమున టెక్సాసు కలవు. పడమరగా సాగిన సన్నని కాడ న్యూమెక్సికోను తాకును. ఈ ప్రాంతమునకు 1838, 1839 సంవత్సరములలో చెరోకీ తెగవారిని తూర్పుదేశమునుండి బలవంతముగా నడిపించి తెచ్చిరి. త్రోవలో వేలకొలది జనులు మరణించిరి. ఇతర తెగలవారిని గూడ ఇట్లే తరలించిరి. ఆ తెగలకు విడిచిన భూమిలోనికి క్రమముగా తెల్లవారు ప్రవేశించిరి. 1907లో ఇది 46వ రాష్ట్రమయ్యెను.

మోటారు బండ్లు రాకమునుపు ఇచ్చటి పెద్దదారులలో ఒకటి పశువులు త్రొక్కినది. 1867 మొదలు టెక్సాసు కాపరులు లక్షలకొలది పశువులను ఉత్తరమున కాన్సాసులోని రైలుస్టేషనులకు తోలుకొనిపోయిరి. ఆ త్రోవకు చిజం బాట యని పేరు. తరువాత ప్రభుత్వమువారు భూమిని చదరపు మైళ్లుగా కొలిచి హద్దులు వేయగా, ఆ హద్దుల వెంబడి బండ్లబాటలు పుట్టెను. రైతు తన పొలమునుండి సమీపపు ఊరికి పోవుటకు అవి చాలును. దూరప్రయాణము చేయువాడు మాత్రము మైలునకొక మూల తిరుగుచు పోవలసివచ్చెడిది.

మోటారు బండ్లు పెరిగిన పిమ్మట ప్రైవేటు సంఘములు బయలుదేరి దారులకు పేర్లు పెట్టినవి. దేశమంతట ఇట్టి పేరుగల దారులు 250కి పైగా లేచినవి. స్తంభములకు రంగుల పట్టీలు పూసి ఇదియే మా దారి యని గుర్తు చూపెడివారు. ఓక్లహామాలో పేరొందినది ఓజార్కు బాట. దాని సంఘము 1913లో ఏర్పడెను. ఆ సంఘమువారు నిలిపిన స్తంభమొకటి స్ట్రౌడు అను ఊరి సమీపమున నేటికిని ఉన్నది. ఈ సంఘములు కొంత మేలు చేయకపోలేదు. కాని వానికి చందాలే ఆధారము. చందా ఇచ్చిన ఊరిమీదుగా దారి వంకర తిరుగుటయు, ఈయని ఊరిని విడిచిపోవుటయు కలిగెను. ఒకే రోడ్డునకు రెండు మూడు పేర్లుండి, ఒకే స్తంభముమీద పలురంగులు పూయబడుటచే బాటసారి దిక్కుతోచక నిలువవలసివచ్చెను.

ఈ చిక్కును తీర్చుటకు 1925లో అమెరికా వ్యవసాయశాఖామంత్రి ఒక సంఘమును నియమించెను. రోడ్లతో వ్యవసాయమంత్రికేమి సంబంధమని మీరడుగవచ్చును. ఆ కాలమున జాతీయ ప్రభుత్వపు రోడ్లకార్యాలయము వ్యవసాయశాఖలోనే ఉండెను. పొలమునుండి పంట బజారునకు చేరుటయే రోడ్డునకు మొదటి ప్రయోజనమని వారెంచిరి. ఆ సంఘము తయారుచేసిన నంబర్ల పట్టికను రాష్ట్రముల రహదారి అధికారులు 1926 నవంబరు 11వ తేదీన అంగీకరించిరి.

ఆ పద్ధతి మిక్కిలి సులభము. ఉత్తరదక్షిణములుగా పోవు రోడ్లకు బేసిసంఖ్యలు, తూర్పుపడమరలుగా పోవు రోడ్లకు సరిసంఖ్యలు. బేసిసంఖ్యలు తూర్పున చిన్నవై పడమటికి పెరుగును. సరిసంఖ్యలు ఉత్తరమున చిన్నవై దక్షిణమునకు పెరుగును. మూడంకెల సంఖ్య యున్నచో అది శాఖ. మొదటి అంకెను తీసివేసిన మిగిలినది తల్లిరోడ్డు నంబరు.

ఓక్లహామా పటముమీద దీనిని పరీక్షింతము. తూర్పుసరిహద్దునకు దగ్గరనున్న సాలిసా అను ఊరినుండి పడమరగా బయలుదేరుదము. సాలిసాలో 59వ నంబరు రోడ్డు కనబడును. చెకోటాలో 69, హెన్రియెట్టాలో 75, రాజధానియగు ఓక్లహామా సిటీలో 77, ఎల్‌రీనోలో 81. హెన్రియెట్టాకును రాజధానికిని నడుమ 377, 177 అను రోడ్లు అడ్డముగా వచ్చును. అవి 77కు శాఖలు. ఎల్‌రీనో దాటినపిమ్మట 281, క్లింటనులో 183, సేరులో 283 కనబడును. 83వ నంబరు తల్లిరోడ్డు పెనపుకాడలో ఉన్నది. పటము చదువనేర్చినవాడు అంకె చూచినంతనే తానున్న తావును ఊహింపగలడు. ఈ 81వ నంబరు రోడ్డే ఈనిడ్, కింగ్‌ఫిషరు, ఎల్‌రీనో, చికషా, డంకను పట్టణములమీదుగా పూర్వపు చిజం బాటను చాలవరకు అనుసరించి పోవుచున్నది. పశువుల గిట్టలు చూపిన త్రోవను ఇంజనీర్లు త్రోసిపుచ్చలేదు.

ఇక 75వ నంబరు రోడ్డుమీద ఉత్తరమునుండి దక్షిణమునకు దిగుదము. బార్టిల్స్‌విల్లులో 60, టల్సాలో 64, దక్షిణపు కొనకు సమీపముననున్న డ్యురాంటులో 70 ఎదురగును. పూర్వము 66 కూడ టల్సాలోనే తగులుచుండెను. వరుస తప్పినవియు లేకపోలేదు. 62వ నంబరు రోడ్డు తరువాత పొడిగింపబడినదగుటచే 64, 66 రెండింటికిని దిగువగా ఓక్మల్గీ దగ్గర వచ్చును. 1980 తరువాత వచ్చిన 412వ రోడ్డు పేరునకు 12కు శాఖయే గాని తన తల్లిని ఎచ్చటను కలిసికొనదు. మనుష్యులు చేసిన నియమము గనుక మనుష్యులే సడలించుకొనిరి.

ఇప్పుడు రోడ్డు ఎవరిది అను ప్రశ్నకు వత్తము. ఇవి జాతీయ సంఖ్యలు గల రోడ్లే గాని జాతీయ ప్రభుత్వపు ఆస్తి కావు. నంబరు విషయమున రాష్ట్రముల అధికారులు కూడియున్న సంఘము తీర్మానించును. భూమి, వంతెన, మరమ్మతు రాష్ట్రమువి. 1916 చట్టము మొదలు జాతీయ ప్రభుత్వము ధనసహాయము చేయుచున్నది. తక్కినది రాష్ట్రమే పెట్రోలుపన్ను మొదలగువానితో కూర్చుకొనవలెను. ఆ తొలిరోజుల డబ్బు ఇబ్బందికి గుర్తుగా మయామి, ఆఫ్టను అను ఊళ్లనడుమ 1922 ప్రాంతమున వేసిన 9 అడుగుల వెడల్పు రోడ్డును చూపుదురు. ఉన్న సొమ్ముతో సగము దూరము పూర్తివెడల్పున వేయుటకన్న మొత్తము దూరము సగము వెడల్పున వేయుట మేలని అధికారులు తలచిరని జనులు చెప్పుకొందురు. ఎదురుబండి వచ్చినపుడు ఒకరు మట్టిలోనికి దిగవలసినదే.

రోడ్డు రాష్ట్రముదే యనుటకు గొప్ప సాక్ష్యము 1931 జూలైలో జరిగెను. ఓక్లహామాకును టెక్సాసునకును ఎల్లయగు ఎఱ్ఱనదిమీద, 75వ నంబరు రోడ్డున, డ్యురాంటునకును టెక్సాసులోని డెనిసనుకును నడుమ రెండు రాష్ట్రములు కలిసి ఆశీలు లేని వంతెనను కట్టినవి. దాని ప్రక్కనే ఒక కంపెనీవారి ఆశీలు వంతెన ఉండెను. తమకు రావలసిన సొమ్ము ముట్టలేదని కంపెనీవారు కోర్టునుండి నిషేధపుటుత్తరువు తెచ్చిరి. దానిని మన్నించి టెక్సాసు గవర్నరు స్టెర్లింగు క్రొత్త వంతెనకు తన వైపున అడ్డుకట్టలు పెట్టించెను. ఓక్లహామా గవర్నరు విలియం మర్రీ ఊరకుండలేదు. నదియొక్క రెండు దరులును పూర్వపు ఒడంబడికలనుబట్టి తన రాష్ట్రమువేయని వాదించి, మనుష్యులను పంపి అడ్డులను తీయించెను. టెక్సాసు పోలీసులు వచ్చి మరల అడ్డు నిలిచిరి. మర్రీ తన వైపున ఆశీలు వంతెనకు పోవు దారిని త్రవ్వించి మూయించెను. రాష్ట్ర సైనికదళము దిగెను. కొలది దినములు అచ్చట ఏ వంతెనమీదను ప్రయాణము సాగలేదు. ఆ నెలాఖరులోగా కోర్టు ఉత్తరువు తొలగిపోయి ఆశీలు లేని వంతెన తెరువబడెను. ఒక్క ప్రాణమైనను పోలేదు. రెండు గట్లమీదను 75 అను అంకె ఒక్కటియే. కాని ఆ అంకెకు వంతెన తెరుచు శక్తి లేకపోయెను. తెరువవలసినవారు రెండు ప్రభుత్వములవారే.

ఏ యూరిమీదుగా పోవలెను అను మూడవ ప్రశ్నకు 66వ నంబరు రోడ్డు కథ జవాబు చెప్పును. టల్సా నివాసియగు సైరస్ ఏవరీ ఓక్లహామా రహదారి సంఘమునకు అధ్యక్షుడు. నంబర్ల పని జరుగునపుడు ఈయన సలహాదారుగా కూడ ఉండెను. షికాగోనుండి లాస్ ఏంజలీసు పోవు పెద్దరోడ్డు పూర్వపు వర్తకుల త్రోవవెంట కాన్సాసు నడుమగా పోకుండ, దక్షిణమునకు వంగి టల్సా, ఓక్లహామా సిటీల మీదుగా పోవునట్లు ఈయన కృషిచేసెను. దానికి మొదట 60 అను సంఖ్య నిర్ణయింపబడెను. సున్నతో ముగియు సంఖ్యలు ముఖ్యమైన రోడ్లకు చెందును గనుక కెంటకీ గవర్నరు ఫీల్డ్సు ఆ సంఖ్య తమకు కావలెనని పట్టుపట్టెను. నెలలకొలది ఉత్తరప్రత్యుత్తరములు నడిచినవి. తుదకు 1926 ఏప్రిలు 30వ తేదీన మిస్సూరీలోని స్ప్రింగ్‌ఫీల్డునుండి, ఎవరికిని చెందక మిగిలియున్న 66 తమకు సమ్మతమేయని టెలిగ్రాము పోయెను. పేర్ల పోరు మాన్పుటకు పుట్టిన అంకెలకే పోరు వచ్చుట విచిత్రము. మనుష్యుని పంతము పేరు లేనిచో అంకెనైనను పట్టుకొనును.

ఆ 66వ రోడ్డు ఓక్లహామాలో సుమారు 400 మైళ్లు సాగెను. క్లేర్‌మోరు, సపుల్పా, చాండ్లరు, ఎల్‌రీనో, క్లింటను వంటి ఊళ్లలో అంగళ్లు, పూటకూళ్లయిండ్లు, బస విడుదులు, పెట్రోలు బంకులు వెలసెను. 1930 తరువాత వానలు లేక, ధరలు పడిపోయి, కౌలుభూములు పోగొట్టుకొనిన రైతుకుటుంబములు వేలకొలదిగా ఈ దారినే పట్టి పడమటనున్న కాలిఫోర్నియాకు వలసపోయినవి. బ్రిడ్జిపోర్టు దగ్గర కెనేడియను నదిమీద 1933లో కట్టిన వంతెనకు 38 ఉక్కుదూలముల చట్రములు కలవు. ఆ వలసబండ్లలో పెక్కు దానిమీదుగా పోయినవే.

1953లో టల్సాకును ఓక్లహామా సిటీకిని నడుమ ఊళ్లను తప్పించి ఆశీలు రోడ్డొకటి తెరువబడెను. 1956 చట్టముతో దేశమంతట క్రొత్త వేగమార్గములు రాసాగెను. వానియందు అనుమతించిన తావులలోనే ఎక్కవలెను, దిగవలెను. వేగము పెరిగెను, ప్రమాదములు తగ్గెను. ఇది మేలే. కాని ఊరినడుమ రోడ్డుపై ఆధారపడిన చిన్నవర్తకునకు గిరాకి తప్పిపోయెను. 1985లో 66 అను జాతీయసంఖ్య రద్దుచేయబడెను. అయినను ఓక్లహామావారు ఆ రోడ్డును పాడుబెట్టలేదు. చాలభాగమునకు 66 అనియే రాష్ట్రసంఖ్య నిలిపి కాపాడుచున్నారు. క్లింటనులో రాష్ట్రమువారు దానికొక ప్రదర్శనశాల నడుపుచున్నారు. పాతరోడ్డు చూచుటకు నేడు పరదేశములనుండి గూడ జనులు వచ్చుచున్నారు. పోయిన వ్యాపారమంతయు తిరిగి రాలేదు గాని, కొన్ని ఊళ్లకు కూడు దొరకుచున్నది.

మన దేశమున 2010లో జాతీయ రహదారులకు క్రొత్త సంఖ్యలు పెట్టిరి. పద్ధతి అమెరికావారిదివంటిదే గాని సరిబేసులు తారుమారు. మనకు ఉత్తరదక్షిణ మార్గములకు సరిసంఖ్యలు, తూర్పుపడమర మార్గములకు బేసిసంఖ్యలు. అందుచేతనే కోస్తావెంబడి మద్రాసునుండి కలకత్తాకు పోవు పూర్వపు 5వ రోడ్డు 16 అయినది. హైదరాబాదునుండి విజయవాడ మీదుగా బందరు చేరు పూర్వపు 9వ రోడ్డు 65 అయినది. కత్తిపూడినుండి కాకినాడ, బందరు మీదుగా ఒంగోలు పోవు 216 అనునది 16కు శాఖ. మన జాతీయ మార్గములపై అధికారము కేంద్రప్రభుత్వముదే. ఇది అమెరికా పద్ధతికిని మనదానికిని గల పెద్దభేదము.

కనుక మీ గ్రామపు పొలిమేరలో రోడ్డు వెడల్పు చేయుదురనిగాని, ఊరిని తప్పించి క్రొత్తదారి వేయుదురనిగాని విన్నపుడు, నంబరు మారుటనుగూర్చి చింతింప పనిలేదు. అడుగవలసిన ప్రశ్నలు వేరు. క్రొత్తదారిమీదికి మన బండ్లు ఎచ్చట ఎక్కును? వర్షపునీరు పోవు తూములు ఎచ్చట? అన్నిటికన్న ముఖ్యము, ఊరినడుమ మిగిలిపోవు పాతరోడ్డును ఇకమీద ఎవరు బాగుచేయుదురు? దూరపు ప్రయాణికుడు నంబరు వెంట పోవును. పాతరోడ్డు ఊరివారికి మిగులును. దానిని కాపాడు బాధ్యత ఎవరిదో ముందుగా కాగితముమీద వ్రాయించుకొనిన ఊరు నష్టపడదు.