కమాన్‌కట్ట నుంచి కాయిల్ స్ప్రింగు దాకా

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా కడపకు సాగే 40వ నంబరు జాతీయ రహదారి కుందూ లోయలోని నల్లరేగడి మైదానాన్ని పట్టుకుని నడుస్తుంది. ఆళ్లగడ్డ దగ్గర తూర్పుకు మళ్లి అహోబిలం చేరేసరికి నేల స్వభావం పూర్తిగా మారిపోయి, నల్లమల క్వార్ట్‌జైట్ బండలు, వాగుల్లో దొర్లిన గుండ్రాళ్లు ఎదురవుతాయి. దిగువ అహోబిలం నుంచి పావన నరసింహుని సన్నిధికి భక్తులు జీపుల్లో వెళ్లే అడవి బాటలో, ఒక చక్రం రాతి మీదికెక్కుతుండగా మరొకటి గుంతలోకి దిగుతుంటే, బండి అడుగు నేలకు తగలకుండా కాపాడేది చక్రానికీ ఛాసిస్‌కూ మధ్యనున్న స్ప్రింగే. ఇలాంటి దారుల కోసం బండి ఎత్తు పెంచదలచినవారు ముందుగా అర్థం చేసుకోవలసినదీ దాన్నే.

జీపుకు కాయిల్ స్ప్రింగు, అంటే చుట్టగా తిప్పిన ఉక్కు తీగ, పుట్టుకతో రాలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విల్లీస్ జీపు, 1947లో మహీంద్రా సంస్థ మన దేశంలో కూర్చడం మొదలుపెట్టిన జీపు, 1985లో వచ్చిన మారుతి జిప్సీ, ఇవన్నీ కమాన్‌కట్టల మీద, అంటే ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన వంపు ఉక్కు పట్టీల మీద నడిచినవే. కమాన్‌కట్ట బరువు మోయడంతో పాటు ఇరుసును దాని స్థానంలో పట్టి ఉంచుతుంది గనుక నిర్మాణం చాలా తేలిక. అయితే పట్టీల మధ్య రాపిడి వల్ల చిన్న కుదుపులను అది సరిగా మింగలేదు. కాయిల్ స్ప్రింగుకు ఆ రాపిడి లేదు, కానీ నిలువు భారం తప్ప మరేదీ మోయలేదు కాబట్టి ఇరుసును ముందువెనుకలకు జరగనీయని చేతులు (లింకులు), పక్కకు జరగనీయని పాన్‌హార్డ్ రాడ్డు విడిగా అమర్చాలి. 1934లో జనరల్ మోటార్స్ కార్ల ముందు చక్రాలకు మారిస్ ఓలీ కృషితో కాయిల్ స్ప్రింగులు వచ్చినా, కొండదారి బండ్లు వాటిని నమ్మడానికి చాలా కాలం పట్టింది. 1970 నాటి రేంజ్ రోవర్ రెండు ఇరుసులకూ వాటినే వాడి దారి చూపింది. మన దేశంలో 2020 నాటి థార్, 2023లో విడుదలైన జిమ్నీ ఆ వరుసలోవే.

1678లో రాబర్ట్ హుక్ ప్రచురించిన నియమం ప్రకారం స్ప్రింగు తన మీద పడిన బలానికి అనుపాతంలో కుదించుకుంటుంది. దాన్ని ఒక మిల్లీమీటరు కుదించడానికి కావలసిన బలమే స్ప్రింగు రేటు. కాయిల్ స్ప్రింగును నొక్కినప్పుడు అది పొట్టిదవుతున్నట్టే కనిపించినా, నిజానికి ఆ ఉక్కు తీగ తడిబట్టను పిండినట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా మెలితిరుగుతుంది. మెలికను ఎదిరించే బలం తీగ వ్యాసపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది గనుక, చుట్ట వెడల్పూ చుట్ల సంఖ్యా మార్చకుండా 12 మి.మీ. తీగ బదులు 13 మి.మీ. తీగ వాడినా రేటు సుమారు 38 శాతం పెరిగిపోతుంది. కంటికి ఆనని ఆ ఒక్క మిల్లీమీటరు బండి నడకనే మార్చివేస్తుంది.

ఎత్తు రావడానికి రెండు మార్గాలున్నాయి: స్ప్రింగును గట్టిది చేయడం, లేదా పొడవైనది వేయడం. ఒక వెనుక స్ప్రింగు 400 కిలోలు మోస్తూ, దాని రేటు మిల్లీమీటరుకు 40 న్యూటన్లు అయితే అది 98 మి.మీ. కుదించుకుని నిలుస్తుంది. పొడవు పెంచకుండా 50 మి.మీ. ఎత్తు సాధించాలంటే కుదింపు 48 మి.మీ.కు తగ్గాలి, అంటే రేటు 82 న్యూటన్లకు చేరాలి. అప్పుడు బండి సహజ డోలనం సెకనుకు 1.6 నుంచి 2.3కు పెరిగి, దారిలోని ప్రతి రాయీ కూర్చున్నవారి వెన్నుకు తెలుస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం, చక్రం గుంతలోకి 48 మి.మీ. దిగేసరికే స్ప్రింగు ఖాళీ అయి, దాన్ని నేలకు అదిమే బలం ఇరుసు సొంత బరువు తప్ప మరేమీ మిగలకపోవడం. పట్టు అత్యవసరమైన చోటే పట్టు తప్పుతుంది. అదే ఆ స్ప్రింగు మీద భారం నిలకడగా 500 కిలోలకు పెరిగినప్పుడు 50 న్యూటన్ల స్ప్రింగు వేస్తే కుదింపు మళ్లీ 98 మి.మీ. దగ్గరే నిలిచి, డోలనమూ మారదు. కాబట్టి రేటును బరువు నిర్ణయించాలి, ఎత్తును పొడవు నిర్ణయించాలి. ఎన్ని అంగుళాలు లేస్తుందన్న ఒక్క ప్రశ్నతో స్ప్రింగులు కొనడం డబ్బు పెట్టి కుదుపులు కొనుక్కోవడమే.

పొడవైన స్ప్రింగుకు తగినంత సాగే షాక్ అబ్జార్బర్లు లేకపోతే పెరిగిన ఎత్తు వల్ల చక్రం కిందికి దిగే వీలు తగ్గిపోతుంది. షాక్ అబ్జార్బర్లు మరీ పొడవైనా ప్రమాదమే, ఎందుకంటే చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు తన పీట నుంచి ఊడవచ్చు. పైకి వచ్చేటప్పుడు చుట్లు ఒకదానికొకటి ఆనకముందే బంప్ స్టాప్ అనే దిమ్మ ఇరుసును ఆపాలి. జిమ్నీలా ముందు కూడా గట్టి ఇరుసున్న బండిని లేపితే ఆ ఇరుసు కొద్దిగా తిరిగి, స్టీరింగును దానంతటదే తిన్నగా తెచ్చే వాలు తగ్గిపోతుంది గనుక జాతీయ రహదారి మీద బండి అటూ ఇటూ తూలుతుంది. థార్ ముందు చక్రాలు విడివిడిగా కదిలేవి. వాటి స్ప్రింగు చక్రానికన్నా లోపలికి ఉన్నందువల్ల అక్కడ ఎత్తు కోసం స్ప్రింగు మీద పెట్టిన స్పేసరు మందం కన్నా బండి ఎక్కువగా లేస్తుంది, యాక్సిల్ కీళ్ల వంపూ ఆ మేరకు పెరుగుతుంది.

స్ప్రింగు రేటు లెక్కకు అవసరమైన బరువు అంచనాతో తేలదు. ఎప్పుడూ బండిలో ఉండే మనుషులు, సామాను, ఇనుప బంపరు, వించీతో సహా ధాన్యం లారీలు తూచే వేబ్రిడ్జి మీద ముందు చక్రాలను ఒకసారి, వెనుక చక్రాలను మరొకసారి తూయిస్తే సరిపోతుంది. స్ప్రింగులు బిగించాక లింకుల రబ్బరు బుష్‌ల బోల్టులను జాకీ మీద కాకుండా బండి తన చక్రాల మీద నిలిచాకే పూర్తిగా బిగించాలి. లేకుంటే ఆ రబ్బరు ఎప్పుడూ మెలికలోనే ఉండి కొద్ది కాలానికే చిరిగిపోతుంది.