ఆస్కార్ చేపకు ఎన్ని నీళ్లు కావాలి?

అక్వేరియం దుకాణంలో ఆస్కార్ పిల్ల నాలుగైదు సెంటీమీటర్లకు మించి ఉండదు. నల్లటి ఒంటి మీద నారింజ మరకలు, మనిషి దగ్గరికి రాగానే అద్దం దాకా ఈదుకొచ్చి చూసే కళ్లు. చూసినవాళ్లకు ఎవరికైనా ముచ్చటేస్తుంది. రెండడుగుల ట్యాంకు, చిన్న ఫిల్టరు, నాలుగు పిల్లలు కొనుక్కుని ఇంటికి వెళ్లేవాళ్లే ఎక్కువ. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది.

ఆస్కార్ అమెజాన్ నదీ ప్రాంతపు సిక్లిడ్. మన చెరువుల్లో విరివిగా దొరికే తిలాపియాదీ ఇదే కుటుంబం. మంచి తిండి పెడితే ఏడాది తిరిగేసరికి జానెడు దాటుతుంది, తర్వాత 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది. 5 సెంటీమీటర్ల పిల్ల 30 సెంటీమీటర్లకు ఎదిగితే పొడవు ఆరు రెట్లే. కానీ ఒళ్లు పొడవుతో పాటు వెడల్పు, మందం కూడా పెరుగుతుంది కాబట్టి బరువు దాదాపు 216 రెట్లవుతుంది. ‘అంగుళం చేపకు ఇన్ని లీటర్లు’ అని దుకాణాల్లో చెప్పే లెక్క నియాన్ టెట్రా లాంటి సన్నటి చేపలకు ఏదోలా సరిపోతుందేమో కానీ ఆస్కార్‌కు పనికిరాదు.

నన్నడిగితే చేపల్ని లెక్కపెట్టడం కన్నా మేత తూచడం మేలు. ట్యాంకులోకి వెళ్లే మేతే చివరికి వ్యర్థంగా మారుతుంది. ఎదిగిన ఆస్కార్‌కు రోజుకు 5 గ్రాముల మేత వేశామనుకుందాం. అందులో 40 శాతం ప్రోటీన్. ప్రోటీన్‌లో 16 శాతం నత్రజని, అంటే 320 మిల్లీగ్రాములు. దాంట్లో సగానికి కాస్త పైగా, సుమారు 180 మిల్లీగ్రాములు, ప్రధానంగా మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలోకి వస్తుంది. రెండడుగుల ట్యాంకులో నికరంగా ఉండేవి 50 లీటర్లు. ఒక్క రోజుకే లీటరుకు మూడున్నర మిల్లీగ్రాములు దాటిపోతుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 230 లీటర్లు నిలుస్తాయి కాబట్టి అదే చేప వ్యర్థం లీటరుకు 0.8 దగ్గర ఆగుతుంది. ఇది మొప్పల లెక్క మాత్రమే. ఆస్కార్ తినేటప్పుడు దగ్గరగా చూడండి. గుళికను నోట్లోకి లాగి, రెండు మూడుసార్లు నమిలి, సగం పొడిని మొప్పల సందుల్లోంచి వెనక్కి వదిలేస్తుంది. ఆ పొడి, దాని పెంట అడుగున కుళ్లి మరింత అమ్మోనియా అవుతాయి.

అమ్మోనియా ప్రమాదం నీటి పీహెచ్‌ను బట్టి మారుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అందులోని విష రూపం వాటా దాదాపు పది రెట్లవుతుంది. బోరు నీళ్లు చాలాచోట్ల క్షారగుణం వైపే ఉంటాయి కాబట్టి మనం ఇంకా జాగ్రత్తపడాలి. భీమవరం వైపు రొయ్యల రైతులకు అమ్మోనియా పరీక్ష కొత్త సంగతి కాదు. ఇంట్లో చేపలు పెంచేవాళ్లు కూడా ఆ కిట్ ఒకటి కొని ఉంచుకోవాలి.

ఈ విషాన్ని మార్చేవి బాక్టీరియా. కొన్ని అమ్మోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అక్వేరియంలలో రెండో పని చేసేవి ప్రధానంగా నైట్రోస్పైరాలని 1998లో తేలింది. నైట్రోస్పైరాల్లో కొన్ని రెండు పనులూ ఒంటరిగానే చేయగలవని 2015లో బయటపడింది. ఇవి స్పాంజి మీద, సిరామిక్ రింగుల మీద గోధుమరంగు జిగురుపొరలా కాపురముంటాయి. చూడ్డానికి మురికిలా ఉంటుంది కానీ మీ ఫిల్టర్ ప్రాణం ఆ పొరే. దాన్ని కుళాయి కింద పెట్టి శుభ్రంగా తోమేస్తే క్లోరిన్ నీళ్లకు ఆ బాక్టీరియా చాలావరకు పోతుంది. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే ముంచి పిండాలి. కొత్త ట్యాంకులో ఈ పొర కట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆస్కార్‌ను తేకండి.

ఫిల్టర్ డబ్బా మీద ‘గంటకు 1000 లీటర్లు’ అని ఉంటే నమ్మి పొంగిపోవద్దు. అది స్పాంజి, రింగులు లేకుండా ఖాళీ పంపుతో కొలిచిన లెక్క. లోపల సరంజామా నింపి, నీటిని పైకెత్తాల్సి వస్తే చాలా తగ్గుతుంది. అందుకే ఆస్కార్ ట్యాంకుకు గంటలో ఆరు నుంచి ఎనిమిది రెట్లు నీరు తిప్పుతానని రాసిన ఫిల్టర్ ఎంచుకోండి. 230 లీటర్లకు 1400 నుంచి 1800 లీటర్లది కావాలన్నమాట. ఒక్క పెద్ద ఫిల్టర్ కన్నా రెండు మధ్యరకంవి పెట్టడం నా సలహా. ఒకటి ఆగినా రెండోది చేపను కాపాడుతుంది. కరెంటు పోతే బాక్టీరియాకూ ఆక్సిజన్ అందదు. మూతపడి ఉండే కానిస్టర్ ఫిల్టర్‌లో ఈ కష్టం త్వరగా వస్తుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు తప్పకుండా ఉంచుకోండి.

ఎంత ఖరీదైన ఫిల్టరైనా నైట్రేట్ దగ్గర చేతులెత్తేస్తుంది. ఇంటి అక్వేరియంలో దాన్ని బయటికి పంపే నమ్మకమైన దారి నీళ్లు మార్చడమే. పై లెక్కలోని ఒక్క ఆస్కార్‌తో 230 లీటర్లలో వారానికి లీటరుకు సుమారు 24 మిల్లీగ్రాముల నైట్రేట్ చేరుతుంది. వారం వారం సగం నీళ్లు మారిస్తే మోతాదు 24, 48 మధ్య ఊగుతూ నిలబడుతుంది. పావువంతే మారిస్తే పోనుపోను 96 దాకా ఎక్కుతుంది. సగం మారుస్తూనే రెండో ఆస్కార్‌ను చేర్చినా చేరేది ఆ 96కే. నేను 40 దరిదాపుల్లో ఉంచాలంటాను. పోసే నీళ్లలోనే నైట్రేట్ ఉంటే లెక్క ఇంకా పెరుగుతుంది, బోరు నీళ్లను ముందు పరీక్షించండి. మున్సిపల్ నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు కలపాలి.

కాబట్టి నాలుగడుగుల ట్యాంకుకు ఒక్క ఆస్కార్. జత కావాలంటే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండాలి. నీటి బరువే 600 కిలోలు దాటుతుంది, స్టాండు, నేల దానికి తగ్గట్టు చూసుకోండి. గుడ్లు పెట్టే కాలంలో జత ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. నోట్లో పట్టే చేప ఏదైనా తోడు కాదు, మేతే.

ఇవన్నీ కుదరవనిపిస్తే ఆస్కార్ కొనకండి. ఇప్పటికే ఉన్నది చేయి దాటి పెరిగితే దుకాణానికో, పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకో ఇవ్వండి. చెరువులోనో కాలువలోనో మాత్రం వదలకండి. అక్వేరియంల కోసం తెచ్చిన సక్కర్ చేపలు అలా బయటపడి మన నీళ్లలో పెరిగి, జాలర్ల వలలు చించుతున్నాయి.