పెనం మీద పొంగే సుగంధ స్కోన్లు

డిసెంబరు, జనవరి నెలల్లో మంచు పడే ఉదయాన ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ చేరడము మన పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతే. అటువంటి ఉదయాలకు తగిన ఒక రొట్టెను ఈ నెల మన పాఠకులకు పరిచయము చేస్తున్నాము. దాని పేరు స్కోన్. దాల్చినచెక్క, శొంఠి, లవంగము కలిపి, పైన తియ్యని పూత పూసి చేసే ఈ రొట్టెను చూచి, "ఇది ఓవెన్ ఉన్నవారి వంట, మనకెందుకు?" అని కొందరు సోదరీమణులు అనుకోవచ్చును. నిజానికి ఇది పెనము మీద పుట్టిన రొట్టె. దీనిలో ఇంకొక మేలు కూడ ఉన్నది. దోసెలైనా చపాతీలైనా ఒక్కొక్కటే పెనము మీద నుండి దిగుతాయి. అందరూ తినేవరకు తల్లి పొయ్యి దగ్గరే నిలబడవలసి వస్తుంది. స్కోన్లు ఎనిమిది ముక్కలూ ఒకే వాయిలో దిగుతాయి. అమ్మ కూడ అందరితో కలిసి కూర్చుని వేడివేడిగా తినవచ్చును.

పుట్టినిల్లు స్కాట్లండు

బ్రిటన్ ఉత్తర భాగమైన స్కాట్లండు ఈ రొట్టెకు పుట్టినిల్లు. అక్కడివారు దీనిని 'స్కాన్' అని పలుకుతారు. ఇంగ్లండులో కొందరు అలాగే పలికితే, మరికొందరు 'స్కోన్' అంటారు. ఈ పేరు కనిపించే పాత వ్రాతలలో ఒకటి 1513 నాటిది. ఎడిన్‌బరో నగరములోని సెయింట్ జైల్స్ దేవాలయములో సేవ చేసి, తరువాత బిషప్పు అయిన గావిన్ డగ్లస్, రోమను కవి వర్జిల్ వ్రాసిన 'ఈనియడ్' కావ్యమును స్కాట్ భాషలోనికి తెచ్చినప్పుడు ఈ మాట వాడాడు.

ఆ చలి నేలలో గోధుమ కంటె ఓట్లు, బార్లీ బాగా పండేవి. సామాన్యుల రొట్టెలు ఆ పిండితోనే. చాలా ఇళ్లలో ఓవెన్ ఉండేది కాదు. మంట పైన వ్రేలాడదీసిన గుండ్రని ఇనుప పెనమే వారికి ఆధారము. దానిని వారు 'గర్డిల్' అంటారు. ఫైఫ్ ప్రాంతములోని కురస్ అనే చిన్న ఊరు ఈ పెనాలకు పేరు పొందినది. 1599లో స్కాట్లండు రాజు ఆరవ జేమ్స్ వాటిని తయారు చేసే ప్రత్యేక హక్కును ఆ ఊరి కమ్మరులకు ఇచ్చాడు. ఈ రాజు మన పాఠకులకు కొత్తవాడు కాడు. 1603లో ఇంగ్లండుకు కూడ రాజై, మొదటి జేమ్స్ అని పిలువబడినది ఆయనే. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలు ఆయన పేరనే నిలిచి ఉన్నది.

పిండిని పెనమంత గుండ్రముగా తట్టి, నాలుగు భాగములుగా కోసి కాల్చడము వారి పాత అలవాటు. ఒక్కొక్క ముక్కను 'ఫార్ల్' అంటారు. నాలుగవ వంతు అని దాని అర్థము.

పెనము మీది స్కోన్లు రాజభవనములో కూడ ఆదరణ పొందినవి. 1959 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ స్కాట్లండులోని బల్మోరల్ కోటలో ఎలిజబెత్ రాణిగారికి అతిథిగా ఉన్నారు. 1960 జనవరిలో రాణిగారు ఆయనకు ఉత్తరము వ్రాసి, డ్రాప్ స్కోన్లు చేసే విధానమును జతపరచి పంపారు. అవి జారుగా కలిపిన పిండిని పెనము మీద పోసి చేసే రకము. కొలతలు 16 మందికి అని చెప్పి, పంచదారకు బదులు పాకము వాడినా బాగుంటుందని ఆమె సూచించారు. బెల్లపు పాకము మన చేతిలోనే ఉన్నది గదా!

పొంగు ఎక్కడిది?

పూర్వపు స్కోన్లు పలుచగా, గట్టిగా ఉండేవి. 19వ శతాబ్దములో వంటసోడా, బేకింగ్ పౌడరు వాడుకలోనికి వచ్చిన తరువాత అవి పొంగడము మొదలుపెట్టాయి. బేకింగ్ పౌడరు వెనుక ఒక కుటుంబ కథ ఉన్నది. బర్మింగ్‌హామ్ నగరములో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి ఉండేవాడు. ఆయన భార్యకు ఈస్టుతో పొంగిన రొట్టె పడేది కాదు. ఆమె కోసము ఆయన 1843లో ఈస్టు లేకుండా రొట్టెను పొంగించే పొడిని తయారు చేశాడు. భార్యకు గ్రుడ్లు కూడ పడనందువలన, గ్రుడ్లు లేని కస్టర్డ్ పొడిని అంతకుముందే 1837లో కనిపెట్టాడు. ఇంటి ఇల్లాలి భోజనము గురించి ఒక భర్త పడిన శ్రమ ఈనాడు ఎన్నో దేశాల వంటిళ్లలో ఉపయోగపడుతున్నది.

మన ఇళ్లలో బేకింగ్ పౌడరు లేకపోయినా ఫరవాలేదు. వంటసోడాకు పులుపు తగిలితే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఆ బుడగలు పిండిలో చిక్కుకొని, వేడికి పెద్దవై రొట్టెను పైకి లేపుతాయి. పుల్లని మజ్జిగ ఆ పనికి చాలును. అయితే మజ్జిగ కలిపిన క్షణము నుండే వాయువు పుట్టడము మొదలవుతుంది. కనుక పిండిని నిలువ ఉంచక వెంటనే కాల్చాలి.

ఒక హెచ్చరిక. వంటకు వాడేది తినే సోడా మాత్రమే. బట్టలు ఉతికే సోడా వేరు. అది కడుపులోనికి పోరాదు. రెండింటినీ ఒకే అలమారులో పెట్టవద్దు. తినే సోడా కూడ కొలతకు మించితే రొట్టె సబ్బు వాసన వేసి చేదెక్కుతుంది.

కావలసినవి (ఎనిమిది ముక్కలకు)

మైదా 250 గ్రాములు. కావాలంటే సగము గోధుమపిండి కలుపుకోవచ్చును. అప్పుడు మజ్జిగ కొంచెము ఎక్కువ పడుతుంది.
వెన్న 50 గ్రాములు, చల్లగా గట్టిగా ఉన్నది.
పంచదార పొడి రెండు పెద్ద చెంచాలు.
వంటసోడా అర టీ చెంచా, తలగొట్టి.
ఉప్పు పావు టీ చెంచా.
దాల్చినచెక్క పొడి ఒక టీ చెంచా, శొంఠి పొడి అర టీ చెంచా, రెండు లవంగాల పొడి, జాజికాయ కొద్దిగా.
చిక్కని పుల్ల మజ్జిగ సుమారు 140 మిల్లీలీటర్లు, అనగా ఒక టీ గ్లాసు. పులుపు చాలకపోతే ఒక టీ చెంచా నిమ్మరసము కలపండి.

చేయు విధానము

పిండి, సోడా, ఉప్పు, మసాలా పొడులు కలిపి రెండుసార్లు జల్లించండి. సోడా ఒకేచోట ముద్దకట్టకుండా ఇది అవసరము. వెన్నను చిన్న ముక్కలు చేసి పిండిలో వేసి, వ్రేళ్ల కొనలతో రవ్వలాగ అయ్యేవరకు నలపండి. అరచేతితో రుద్దితే ఆ వేడికి వెన్న కరిగిపోతుంది. పంచదార కలపండి.

మధ్యలో గుంట చేసి మజ్జిగ పోసి, గరిటెతో నాలుగైదు త్రిప్పులలో ముద్ద చేయండి. చపాతీ పిండి పిసికినట్లు పిసకరాదు. పిసికిన కొద్దీ గోధుమలోని జిగురు సాగి రొట్టె గట్టిపడుతుంది. ముద్ద గరుకుగా ఉన్నా అది మంచి గుర్తే.

పిండి చల్లిన పీట మీద దానిని అర అంగుళము మందమున గుండ్రముగా తట్టి, చాకుతో ఎనిమిది ముక్కలుగా కోయండి. మందపాటి ఇనుప పెనమును సన్నని సెగ మీద వేడి చేయండి. వేడి చూడడానికి మనము దోసె పెనము మీద నీళ్లు చిలకరిస్తాము. స్కాట్లండువారు చిటికెడు పిండి చల్లుతారు. పిండి మాడిపోక మెల్లగా గోధుమరంగుకు తిరిగితే పెనము సిద్ధమైనట్లే. ముక్కలను కొద్ది ఎడముతో పేర్చి మూత పెట్టి, ఒక్కొక్క ప్రక్క ఆరేడు నిమిషాలు కాల్చండి. చివర అంచుల మీద నిలబెట్టి కొద్దిసేపు కాల్చాలి. కోసిన అంచు వ్రేలికి అంటకపోతే లోపల ఉడికినట్లు.

ఓవెన్ ఉన్నవారు ఒక అంగుళము మందమున తట్టి, 220 డిగ్రీల వేడిలో సుమారు పదిహేను నిమిషాలు ఉంచాలి. క్రిస్మస్ కేకును ఇసుక పోసిన మందపాటి గిన్నెలో కాల్చే అలవాటు ఉన్న ఇళ్లలో అదే పద్ధతి దీనికీ పనికివస్తుంది. గిన్నె ముందే బాగా కాగి ఉండాలి.

పైపూత

బ్రిటన్‌లో స్కోన్ పైన పాలో గ్రుడ్డు సొనో పూసి కాల్చి, చీల్చి వెన్న, జాము రాసి తింటారు. తియ్యని మసాలా పూత అమెరికావారికి ఎక్కువ ఇష్టము. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవారు కాఫీ అంగళ్లలో చూచేది ఈ రకమే.

మెత్తగా జల్లించిన పంచదార పొడి ఆరు పెద్ద చెంచాలు తీసుకొని, పాలు ఒక చెంచాతో మొదలుపెట్టి చుక్క చుక్కగా కలపండి. చిటికెడు దాల్చినచెక్క పొడి వేయండి. చెంచా నుండి మెల్లగా జారేటట్లు ఉంటే చాలును. స్కోన్లు గోరువెచ్చగా ఉన్నప్పుడు పూయాలి. మరీ వేడి మీద పూస్తే కరిగి కారిపోతుంది. పంచదారకు బదులు వడకట్టిన బెల్లపు తీగపాకమును పలుచగా పూసినా బాగుంటుంది. మధుమేహము ఉన్న పెద్దలకు పూత లేని ముక్కను వేరుగా ఉంచండి. మైదా, పంచదార ఉన్నందున వారికి ఒక్క ముక్క చాలును.

అమ్మ కూడ కూర్చునేలా

ఆదివారము ఉదయము మన ఇళ్లలో ఎంత తొందర ఉంటుందో అందరికీ తెలుసు. పిల్లలకు స్నానాలు, బట్టలు, ఫలహారము, ఆపైన ఆరాధన వేళ. అందరికీ వడ్డించిన తల్లి చల్లారినది తింటుంది, లేదా తినకుండానే గుడికి బయలుదేరుతుంది. ఈ వంటను రెండు పూటలకు పంచుకోవచ్చును. శనివారము రాత్రి పిండి జల్లించి, వెన్న నలిపి, పంచదార కలిపి, మూత పెట్టి చల్లని చోట ఉంచండి. లవంగాలు, దాల్చినచెక్క దంచే పని పిల్లలది. ఉదయము మజ్జిగ పోసి తట్టడము తల్లి పని. పెనము దగ్గర పావుగంట నిలబడి త్రిప్పడము తండ్రికి కష్టము కాదు. మేము ఇలా పంచుకొని చేసినప్పుడు, పిండి కలపడము మొదలు పూత వరకు అరగంట పట్టినది.

స్కోన్లు చల్లారితే రుచి తగ్గుతుంది. అందుచేత పెనము దించేలోపే అందరినీ పిలిచి కూర్చోబెట్టండి. మొదటి ముక్కను, కనీసము ఆ ఒక్క ఉదయమైనా, అమ్మ పళ్లెములో పెట్టండి. మిగిలిన ముక్కలను శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉంచితే, సాయంత్రము అడ్డముగా చీల్చి పెనము మీద వెచ్చచేసి టీతో తినవచ్చును.