పల్నాటి వీరగాథ : గతం వర్తమానాన్ని చేరే మార్గాలు

గతకాలపు సంఘటనలు వర్తమాన జీవితాన్ని ప్రభావితం చేస్తాయన్నది అందరూ అంగీకరించే మాటే. అయితే ఆ ప్రభావం ఏ మార్గాన ప్రసరిస్తుందన్న అంశంపై తగినంత విచారణ జరగవలసి ఉన్నది. తరువాతి తరాలకు అందేది యుద్ధం కాదు. యుద్ధాన్ని గురించిన జ్ఞాపకం. ఆ జ్ఞాపకాన్ని మోసుకొని వచ్చే సాధనాలు - ఆరాధన, పాట, తాళపత్రం, అచ్చు, ధ్వనిముద్రణ - ఒక్కొక్కటి తన స్వభావాన్ని బట్టి కొంత నిలుపుతుంది, కొంత విడుస్తుంది. ఈ విషయ నిరూపణకు తెలుగులో పల్నాటి వీరగాథ కంటె తగిన ఉదాహరణం అరుదు. ఒక సంఘర్షణ, అందులో నుండి పుట్టిన వీరులు, వారి కథను నిలిపిన సాధనాలు - ఈ మూడూ ఇందులో ఒకచోట కనిపిస్తాయి.

1. సంఘర్షణ

12వ శతాబ్ది ఉత్తరార్ధంలో పల్నాటి హైహయవంశీయుల మధ్య జరిగిన దాయాదుల పోరు ఈ గాథకు మూలం. గురజాలను ఏలిన నలగామరాజు ఒక పక్షం. మాచెర్లను పొందిన అతని సవతి తమ్ముడు మలిదేవరాజు మరొక పక్షం. మొదటి పక్షానికి నాయకురాలు నాగమ్మ, రెండవ పక్షానికి బ్రహ్మనాయుడు సూత్రధారులు. కోడిపందెంలో ఓటమి, దాని షరతు ప్రకారం మాచెర్లవారి వలస, గడువు తీరినా రాజ్యభాగం దక్కకపోవడం, రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి గురికావడం - ఈ పరంపర కారెంపూడి రణరంగంలో ముగిసింది. వెలనాటి చోడుల ప్రాబల్యం సడలి, కాకతీయులు తీరాంధ్రం వైపు విస్తరిస్తున్న కాలమది. రాజకీయచరిత్ర దృష్టితో చూస్తే ఇది ఒక చిన్న సీమలోని అంతఃకలహం మాత్రమే. దీనికంటె పెద్ద యుద్ధాలనేకం శాసనాలకే పరిమితం కాగా, ఇది మాత్రం ప్రజల నోట నిలిచింది. ఈ భేదానికి కారణం యుద్ధంలో కాక, యుద్ధానంతర చరిత్రలో వెదకవలసి ఉన్నది.

2. ఆరాధన

ఈ జ్ఞాపకానికి ప్రథమాశ్రయం వీరుల గుడి. ఏటా కార్తిక అమావాస్య నుండి ఐదు రోజులపాటు కారెంపూడిలో వీరారాధనోత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనేవి ఆ ఐదు రోజుల పేర్లు. వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలను వేర్వేరు గ్రామాల ఆచారవంతులు తీసుకొనివచ్చి పూజిస్తారు.

ఇక్కడ ఒక అంశం గమనార్హం. కథాక్రమంలో కోడిపోరు ముందు, రాయబారం తరువాత. ఉత్సవక్రమంలో రాయబారం రెండవ నాడు, కోడిపోరు నాలుగవ నాడు. దీనిని పొరపాటుగా భావించడం తగదు. ఆరాధనకు కాలానుక్రమణిక ప్రధానం కాదు. ఆయా ఘట్టాలను మరల కళ్ళయెదుట నిలుపుకోవడమే ప్రధానం. చరిత్రకారుడు 'ఎప్పుడు జరిగింది' అని అడిగే చోట భక్తుడు 'ఎవరు పడిపోయారు' అని అడుగుతాడు. సంవత్సరాల లెక్క ఆరాధనలో జారిపోయింది. మృతుల పేర్లు మాత్రం జారిపోలేదు.

3. పాట, తాళపత్రం

ఆరాధనకు అర్థం చెప్పినవారు వీరవిద్యావంతులు. ఈ గాథను వంశపారంపర్యంగా పాడే ఈ గాయకులు మాల కులస్థులు. వారి నోట ఇది ఒకే కథ కాదు. అనేక కథల చక్రం. ఈ గానం ఎంత ప్రాచీనమో సూచించడానికి ఒక కావ్యసాక్ష్యం ఉన్నది. వినుకొండ వల్లభరాయని పేర ప్రచారంలో ఉన్న క్రీడాభిరామంలో, ఓరుగల్లు వీధిలో ఒక స్త్రీ పల్నాటి వీరులను ద్విపదలో గానం చేసిన వర్ణన కనిపిస్తుంది. అంటే ఆ కావ్యకాలానికే ఈ పాట పల్నాటి ఎల్లలు దాటి నగరానికి చేరింది. పాడినది స్త్రీ కావడం కూడ ఉపేక్షించదగిన విషయం కాదు.

15వ శతాబ్దికి చెందిన శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్ర కూడ ద్విపదకావ్యమే. దాని కర్తృత్వాన్ని గూర్చి పండితులలో భిన్నాభిప్రాయాలున్నవి. కర్త ఎవరైనా, దేశికవితలో పుట్టిన కథ దేశిఛందస్సులోనే లిఖితరూపం పొందిందనడంలో సందేహం లేదు. అయితే వ్రాతలో చక్రం కుదించుకొనిపోయింది. లభ్యమైన ద్విపదలో ప్రధానస్థానం బాలచంద్రుని యుద్ధఘట్టానిది. బొంగరాలాట, తల్లి ఐతాంబ ఆవేదన, భార్య మాంచాల వీరోచితమైన వీడ్కోలు, అనపోతు ఆత్మత్యాగం - ఇవి పాఠకుని మనస్సును ఆకట్టుకొన్న ఘట్టాలు. ఆవిధంగా అనేక వీరుల గాథ క్రమంగా ఒక బాలవీరుని గాథగా ప్రసిద్ధమైంది.

4. అచ్చు, ధ్వనిముద్రణ

శ్రీనాథుని శతాబ్దిలోనే జర్మనీలోని మైంజ్ నగరంలో గూటెన్‌బర్గ్ విడి అక్షరాల ముద్రణను సాధించాడు. ఆ విద్య తెలుగు అక్షరాలకు 18వ శతాబ్ది మధ్యకాలంలో హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ కృషివలన అందింది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి ప్రకటించడంతో వీరగాథ ఆధునిక యుగంలో అడుగుపెట్టింది. అంతవరకు ఒక సీమకు, ఒక ఆచారానికి చెందిన కథ ఆంధ్రులందరి వీరవారసత్వంగా పరిగణన పొందింది.

అచ్చు చేసిన మేలు అపారం. అయితే అది ఒక క్రొత్త భావనను కూడ తెచ్చింది. ముద్రితమైనది శుద్ధపాఠమనీ, గాయకులు పాడేది అపపాఠమనీ భావించే అలవాటు ఏర్పడింది. మూలం పాటయై, దాని నుండి వ్రాత పుట్టిన చోట ఈ తారతమ్యం తలక్రిందులైనది.

1877లో ఎడిసన్ రూపొందించిన ఫోనోగ్రాఫుతో ఆరంభమైన ధ్వనిముద్రణ ఈ లోపానికి కొంత పరిహారం కల్పించింది. జీన్ రోఘైర్ వీరవిద్యావంతుని గానాన్ని ధ్వనిముద్రణ చేసి, దాని ఆంగ్లానువాదాన్ని, అధ్యయనాన్ని 1982లో ప్రకటించారు. దీనితో గాయకుని పాఠమే పరిశోధనకు ఆధారగ్రంథమైంది. అయినా ధ్వనిముద్రణకూ పరిమితి ఉన్నది. అది ఒకనాటి గానాన్ని మాత్రమే పట్టుకొంటుంది. శ్రోతలను బట్టి మారే గాయకుని స్వేచ్ఛను పట్టుకోలేదు.

5. వర్తమానంలో వీరులు

ఒకే యుద్ధం ఆధునికులకు వేర్వేరు ముఖాలతో దర్శనమిచ్చింది. 1921లో పల్నాటి రైతులు అటవీశాఖవారి పుల్లరి పన్నును ప్రతిఘటించారు; ఆ ఉద్యమంలో కన్నెగంటి హనుమంతు 1922లో కాల్పులకు బలి అయినాడు. ఆ రైతుల కష్టాలను పరిశీలించడానికి వెళ్ళి నిర్బంధానికి గురియైన ఉన్నవ లక్ష్మీనారాయణ, 1926లో పల్నాటి కథతో రచించిన నాటకానికి 'నాయకురాలు' అని పేరు పెట్టడం విశేషం. ప్రతినాయికగా ముద్రపడిన నాగమ్మ అక్కడ శీర్షికకు ఎక్కింది. 1947లోను, 1966లోను 'పల్నాటి యుద్ధం' పేర చలనచిత్రాలు వెలువడి, చదువురాని ప్రేక్షకులకు కూడ కథను చేర్చినవి.

సంఘసంస్కరణ దృష్టి కలవారిని ఆకర్షించినది చాపకూడు. కులభేదం లేక అందరినీ ఒకే చాపపై కూర్చుండబెట్టి బ్రహ్మనాయుడు భోజనం పెట్టించాడన్న ఐతిహ్యం, మాల కన్నమదాసుకు అతడు సేనానాయకత్వం ఇచ్చాడన్న కథనం ఇరువదవ శతాబ్దిలో క్రొత్త అర్థాన్ని సంతరించుకొన్నవి. ఇవి నేటి సమత్వభావనను గతంపై ఆరోపించిన ఊహలు కావు. మందపోరు నాటి ఉత్సవంలో చాపకూడు నేటికీ భాగంగా ఉన్నది. 2022లో ఏర్పడిన క్రొత్త జిల్లాకు పల్నాడు అనే పేరు రావడం కూడ ఈ సీమనామం ప్రజల మనస్సులో ఎంత బలంగా నిలిచిందో తెలుపుతుంది.

6. ఉపసంహారం

పై విచారణ వలన తేలిన విషయం స్పష్టం. ఆరాధన మృతులను, పాట కథాచక్రాన్ని, ద్విపద బాలచంద్రుని, అచ్చు జాతీయవీరుని, నాటకం నాగమ్మను, సంస్కరణోద్యమం చాపకూటిని ముందుకు తెచ్చినవి. ఇందులో ఏ ఒక్కటీ సమగ్రం కాదు. ఏదీ నిరర్థకం కాదు. కాని తరగతి గదిలో నేటికీ ఎక్కువగా వినిపించేది ముద్రితపాఠమే. ముద్రితగ్రంథం కాలినా మరొక ప్రతి దొరుకుతుంది; వీరవిద్యావంతుడు గతిస్తే, అతని పాఠాన్ని నేర్చినవారు లేనప్పుడు, అది మరల దొరకదు. కావున ద్విపదను బోధించే అధ్యాపకుడు దాని ప్రక్కనే గాయకుని పాఠాన్ని కూడ నిలిపి, భేదాలను తప్పులుగా కాక సాక్ష్యాలుగా విద్యార్థులచేత పరిశీలింపజేయడం అవసరం. కార్తిక అమావాస్యనాడు విద్యార్థులను ఒకసారి కారెంపూడికి తీసుకొని వెళ్ళడం ఆ పరిశీలనకు ప్రథమసోపానం కాగలదు.