రచ్చబండ మీద కంప్యూటర్ కబుర్లు

గోపన్‌పల్లి: శని, ఆదివారాల్లో ఐటీ కార్యాలయాలు బోసిపోయి ఉంటాయి. అయినా అప్పుడప్పుడు ఏదో ఒక భవనంలో ఒక హాలు మాత్రం నిండిపోతుంది. అక్కడికి వచ్చేవారికి ఆ రోజు జీతం లేదు, హాజరు పట్టీ లేదు. తమకు తెలిసిన విద్యను నలుగురికీ చెప్పడానికి, తెలియనిది అడిగి తెలుసుకోవడానికి కంప్యూటర్ ప్రోగ్రామర్లు అక్కడ చేరతారు. ఊళ్లో రచ్చబండ వద్ద రైతులు ఏ విత్తనం పండిందో, ఏ మందు పనిచేయలేదో చెప్పుకున్నట్లే ఇదీనూ.

శేరిలింగంపల్లి మండలంలోని గోపన్‌పల్లికి 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం పొరుగు. 1998లో నాటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ ఏడాదే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. అక్కడి నుంచి అద్దాల మేడలు పడమటికి జరుగుతూ పల్లె దాకా వచ్చాయి. 2007లో శేరిలింగంపల్లి గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2024 జులైలో గోపన్‌పల్లి తండా వద్ద ఫ్లైఓవర్ కూడా వచ్చింది. అయితే ఆ మేడల్లో జరిగే పని ఏమిటో చుట్టుపక్కల పల్లెల్లో చాలామందికి ఇప్పటికీ అంతుపట్టని విషయమే.

గ్యారేజీలో మొదలైన అలవాటు

ఇలా కూడి మాట్లాడుకునే అలవాటు కొత్తదేమీ కాదు. 1975 మార్చిలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు ఔత్సాహికులు ఒక ఇంటి గ్యారేజీలో సమావేశమయ్యారు. దానికి హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ అని పేరు. స్టీవ్ వోజ్నియాక్ అనే యువకుడు తాను తయారుచేసిన యంత్రాన్ని ఆ క్లబ్ సభ్యులకే చూపాడు. మరుసటి ఏడాది అదే ఆపిల్ సంస్థకు తొలి సరుకైంది.

హైదరాబాద్‌లోనూ అటువంటి బృందాలున్నాయి. ‘పైథాన్’ అనే కంప్యూటర్ భాషను వాడేవారి బృందం ‘హైడ్‌పై’ వాటిలో ఒకటి. నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన ఈ భాష నేర్చుకోవడానికి సులువు, వాడుకోవడానికి ఉచితం. దేశంలోని పైథాన్ వాడకందార్ల తొలి జాతీయ సమ్మేళనం 2009లో బెంగళూరులో జరిగింది. 2023లో ఆ వంతు హైదరాబాద్‌కు వచ్చింది. ఇక కంప్యూటర్‌ను తెలుగులో మాట్లాడించాలన్న పట్టుదలతో 2005 నుంచి ‘స్వేచ్ఛ’ సంస్థ పనిచేస్తోంది.

సమావేశం తీరు నిరాడంబరంగా ఉంటుంది. ఒకరు లేచి అరగంట, ముప్పావుగంట మాట్లాడతారు. తెర మీద ప్రోగ్రాం రాసి చూపుతారు. అది తప్పితే సభలోని వారే తప్పు పట్టుకుని సరిచేస్తారు. చివర్లో ఐదేసి నిమిషాల ప్రసంగాలుంటాయి. అప్పుడు కొత్తవారూ ధైర్యం చేయవచ్చు. పదేళ్ల అనుభవం ఉన్న ఇంజనీరు, ఇంకా పరీక్షలు రాస్తున్న విద్యార్థి పక్కపక్కనే కూర్చుంటారు.

పేరు తెగిపోతే?

ఈ కబుర్లతో పల్లెకేం పని అనుకోవచ్చు. ఒక్క ఉదాహరణ చాలు. ‘శ్రీలక్ష్మి’ అన్న పేరు మనకు మూడక్షరాలు. కంప్యూటర్‌కు మాత్రం పదకొండు. యూనికోడ్ పద్ధతిలో హల్లు వేరు, పొల్లు వేరు, గుణింతపు గుర్తు వేరు. ఈ సంగతి తెలియని ప్రోగ్రామర్ పేరుకు పది గళ్లే కేటాయిస్తే చివరి గుడి ఎగిరిపోయి ‘శ్రీలక్ష్మ’ మిగులుతుంది. పాసు పుస్తకంలో ఒక పేరు, బ్యాంకు ఖాతాలో మరో పేరు పడితే కార్యాలయాల చుట్టూ తిరిగేది ఎవరో చెప్పనక్కర్లేదు. ఇటువంటి లోపం తెలుగు చదవగలిగిన వారికే ముందు కనబడుతుంది. అందుకే ఆ హాల్లో పల్లె పిల్లలకూ కుర్చీ ఉండాలి.

అడ్డంకులు లేకపోలేదు. ప్రసంగాలు ఎక్కువగా ఇంగ్లీషులో సాగుతాయి. సమావేశం కంపెనీ ఆవరణలో జరిగితే గేటు వద్ద కాపలా ఉంటుంది. సర్కారు బడిలో తెలుగు మీడియం చదివి డిగ్రీకి వచ్చిన కుర్రవాడు ఆ గేటు చూసే వెనక్కి తిరుగుతాడు. సభ ఉచితమన్న సంగతే అతనికి చెప్పేవారుండరు. మరోపక్క కోచింగ్ సెంటర్లకు తల్లిదండ్రులు అప్పు చేసి మరీ ఫీజులు కడుతున్నారు. సమావేశాలు ఆ చదువుకు పూర్తిగా బదులు కావు. కానీ ఏది నేర్చుకోవాలో, దేనికి డబ్బు దండగో అక్కడ పనిచేసేవారి నోటనే వినవచ్చు.

వెళ్లదలచినవారు ముందుగా పేరు నమోదు చేయించుకుని, గుర్తింపు కార్డు వెంట తీసుకెళ్లాలి. ఇంగ్లీషు మాట్లాడలేకపోయినా ప్రశ్న తెలుగులో అడగడానికి జంకనక్కర్లేదు. జవాబు తెలిసినవారిలో తెలుగువారు తప్పక ఉంటారు.

నిర్వాహకులూ ఒక అడుగు ముందుకు వేయాలి. ఏడాదిలో కొన్ని సభలనైనా కంపెనీ గేటు దాటించి పల్లె బడిలోనో, గ్రంథాలయంలోనో తెలుగులో జరిపితే ఖర్చు పెద్దగా ఉండదు. ఒక తెర, నాలుగు బెంచీలు, కరెంటు ఉంటే చాలు. పొలాలు పోయిన చోట మేడలు లేచాయి. ఆ మేడల్లోని విద్యలో ఊరి పిల్లలకూ వాటా దక్కడం న్యాయం.